ఎత్తు మడి: వేళ్ళకు ఊపిరి

నాలుగు రోజులు విడవకుండా ముసురు పట్టింది. పెరట్లో వంగమొక్కల చుట్టూ నీళ్ళు నిలిచాయి. ఐదో రోజు ఎండ కాసింది. నీరుంది, ఎండ ఉంది, ఇక మొక్కలు ఏపుగా పెరగాలి కదా! కాని ఆకులు వాడి వేలాడుతున్నాయి. కింది ఆకులు పసుపు పచ్చబడ్డాయి. మొదలు నీళ్ళలో ఉండగానే మొక్క దాహంతో అలమటిస్తున్నట్టు కనిపిస్తుంది. ఇదేమి వింత?

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలోనూ, ఆపైన దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు పల్లెల్లోనూ ఈ వింత ఏటేటా కనిపిస్తుంది. ఇక్కడ ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అందులో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు, నైరుతి ఋతుపవనాల కాలంలోనే కురుస్తుంది. కిన్నెరసాని, తాలిపేరు, ముర్రేడు వంటి వాగులు పొంగే రోజులూ అవే. వాగు పొంగితే దారి తెగుతుంది. దారి తెగితే సంతకు కూరగాయలు రావు. సరిగ్గా అప్పుడే పెరట్లో మొక్కలు కుళ్ళిపోతే ఇంట్లో కూర ఎక్కడిది?

ఇది రుచికి సంబంధించిన మాట మాత్రమే కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15–49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్లు తేలింది. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, ఎ విటమిన్‌గా మారే కెరోటిన్ మనకు చవకగా దొరికేది ఆకుకూరల్లోనే. అందుచేత వానాకాలంలో కూడా చావని కూరగాయల మడి ఒకటి ఇంటింటా ఉండటం అవసరం. అటువంటి మడిని మీరే కట్టుకోవచ్చు. కట్టే ముందు మొక్క ఎందుకు వాడిందో తెలుసుకుందాం.

వేళ్ళు కూడా ఊపిరి పీల్చుకుంటాయి

ఆకులు ఎండలో ఆహారం తయారు చేస్తాయని మీరు చదువుకున్నారు. ఆ ఆహారంలో కొంత వేళ్ళకు చేరుతుంది. వేళ్ళు దానిని ప్రాణవాయువుతో కలిపి నెమ్మదిగా దహించి శక్తిని పొందుతాయి. బొగ్గుపులుసు వాయువును బయటికి వదులుతాయి. ఇదే శ్వాసక్రియ. ఆ శక్తితోనే వేళ్ళు పెరుగుతాయి, లవణాలను లోనికి లాగుకుంటాయి.

మరి నేలలో వేళ్ళకు ప్రాణవాయువు ఎక్కడిది? మట్టి రేణువుల మధ్య సందులు ఉంటాయి. మంచి తోటమట్టిలో దాదాపు సగం భాగం ఖాళీ సందులే. పదునుగా ఉన్న నేలలో ఆ సందుల్లో సుమారు సగం నీటితోనూ, మిగతా సగం గాలితోనూ నిండి ఉంటాయి. ఎడతెరిపి లేని వాన పడినప్పుడు నీరు వచ్చి గాలిని తరిమేస్తుంది. సందులన్నీ నీటితో నిండుతాయి.

నీటిలో కూడా ప్రాణవాయువు కరిగి ఉంటుంది కదా, చేపలు బతకడం లేదా అని మీరు అడగవచ్చు. నిజమే. కాని లెక్క చూడండి. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటే, మన వాతావరణంలో ఒక లీటరు నీటిలో కరిగేది 8 మిల్లీగ్రాములే. అంతేకాదు, గాలిలో వ్యాపించే దానితో పోలిస్తే నీటిలో ప్రాణవాయువు దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఉన్న కాస్త ప్రాణవాయువును వేళ్ళూ, నేలలోని సూక్ష్మజీవులూ కలిసి ఒకటి రెండు రోజుల్లో వాడేస్తాయి. పైనుంచి కొత్తది రాదు.

ఊపిరాడని వేళ్ళు నీటిని సరిగా లోనికి తీసుకోలేవు. ఎండ వచ్చేసరికి ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంది, కింది నుంచి రాదు. అందుకే నీళ్ళలో నిలబడే మొక్క వాడిపోతుంది. మరోవైపు, గాలి లేని మట్టిలో కొన్ని బాక్టీరియాలు నైట్రేటుల నుంచి ప్రాణవాయువును లాక్కొని, నత్రజనిని వాయువుగా మార్చి ఆకాశంలోకి వదిలేస్తాయి. మొక్కకు నత్రజని కరువవుతుంది. అప్పుడు మొక్క ముదురు ఆకుల్లోని నత్రజనిని చిగుళ్ళకు తరలిస్తుంది. ముందుగా కింది ఆకులు పసుపు పచ్చబడటానికి కారణం ఇదే.

మరి వరి ఎలా బతుకుతోంది?

మంచి ప్రశ్న. తామర తూడును అడ్డంగా కోసి ఎప్పుడైనా చూశారా? అందులో గుండ్రని రంధ్రాలు కనిపిస్తాయి. అవి గాలి గొట్టాలు. వరి కాండంలోనూ, వేళ్ళలోనూ అటువంటి గాలి దారులు ఉంటాయి. ఆకులు పీల్చిన గాలి వాటి గుండా వేళ్ళ దాకా దిగుతుంది. అంటే వరి తన ఊపిరిని పైనుంచి తెచ్చుకుంటుంది. వంగ, మిరప, టమాట, బెండ మొక్కలకు అంతటి ఏర్పాటు లేదు. వాటి వేళ్ళు మట్టి సందుల్లోని గాలి మీదనే ఆధారపడాలి.

దీనిని పరీక్షించి చూడండి. మూడు ఖాళీ డబ్బాలు తీసుకోండి. ఒకదాని అడుగున నాలుగైదు చిల్లులు పెట్టండి. మిగతా రెండింటికి పెట్టవద్దు. మూడింటిలోనూ ఒకే మట్టి నింపండి. చిల్లుల డబ్బాలో ఒక బెండ మొక్క, చిల్లులు లేని డబ్బాల్లో ఒకదానిలో బెండ, మరొకదానిలో వరి నాటండి. మొక్కలు వేళ్ళూనిన తరువాత రోజూ మట్టి మీద నీరు నిలిచేదాకా పోయండి. పది పన్నెండు రోజులు గమనించి, ఆకుల రంగు, మొక్క ఎత్తు నోటుబుక్కులో రాయండి. చివర మొక్కలను మెల్లగా పెకలించి వేళ్ళను పోల్చి చూడండి.

స్పంజి నేర్పే పాఠం

మట్టిని కొంచెం ఎత్తు చేసినంత మాత్రాన నీరు పోతుందా? బల్ల తుడిచే స్పంజి ముక్క ఒకటి తెచ్చుకోండి. పొడవుగా, పలకలా ఉన్నదైతే మంచిది. దానిని నీటిలో ముంచి పూర్తిగా నాననివ్వండి. పిండకుండా, పడుకోబెట్టినట్టు అడ్డంగా పట్టుకోండి. కొంచెం నీరు కారి ఆగిపోతుంది. ఇప్పుడు దానిని నిలువుగా తిప్పి పట్టుకోండి. చూడండి, మళ్ళీ నీరు కారడం మొదలైంది!

స్పంజి అదే, రంధ్రాలు అవే. మారింది ఎత్తు ఒక్కటే. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లే సన్నని రంధ్రాలు నీటిని పట్టి ఉంచుతాయి. దీనినే కేశనాళికా చర్య అంటారు. భూమి ఆకర్షణ ఆ నీటిని కిందికి లాగుతుంది. స్పంజి పడుకుని ఉన్నప్పుడు రంధ్రాల పట్టే గెలుస్తుంది. నిలబెట్టినప్పుడు పైభాగం అడుగు నుంచి చాలా ఎత్తున ఉంటుంది. అక్కడి నీరు కిందికి జారి, దాని చోటులోకి గాలి వస్తుంది. అడుగు మాత్రం తడిసి ముద్దగానే ఉంటుంది.

మట్టి కూడా ఇటువంటి స్పంజే. ముసురు రోజుల్లో నేల నిండి, నీటి మట్టం నేలమట్టం దాకా వస్తుంది. మామూలు మడిలో వేళ్ళన్నీ ఆ నీటిలోనే ఉంటాయి. మడిని 25 సెం.మీ. ఎత్తు చేశామనుకోండి. వేళ్ళలో ఎక్కువ భాగం తడి అడుగుకు పైన, గాలి ఆడే చోట ఉంటుంది. ఎత్తు మడి వేళ్ళకు ఇచ్చేది ఈ జానెడు ఊపిరి.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం గురించి చెప్పుకోవాలి. నీరు బాగా ఇంకుతుందని కొందరు మడి అడుగున కంకర పరుస్తారు. మట్టి సందులు సన్నవి, కంకర సందులు పెద్దవి. సన్నని సందుల్లోని నీరు పూర్తిగా నిండేదాకా పెద్ద సందుల్లోకి దిగదు. కాబట్టి ముద్దగా తడిసే పొర కంకర మీదనే నిలుస్తుంది, అంటే వేళ్ళకు మరింత దగ్గరవుతుంది. కంకర వద్దు, ప్లాస్టిక్ కాగితమూ వద్దు. మడి మట్టి నేల మట్టితో నేరుగా కలిసి ఉండాలి.

మన మిరప నారుమడిలో ఉన్నది ఇదే

ఈ సంగతి ఖమ్మం జిల్లా రైతులకు కొత్త కాదు. మిరప పంటకు, మిర్చి మార్కెట్టుకు పేరు పడిన జిల్లా ఇది. మిరప నారు పెంచేటప్పుడు మీటరు వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు ఉండే మడులు చేసి, మధ్యలో కాలువలు తీయాలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఎందుకంటే నారుకు ఒక పెద్ద శత్రువు ఉంది. అదే నారుకుళ్ళు తెగులు.

ఈ తెగులును ఎక్కువగా కలిగించేది పితియం అనే సూక్ష్మజీవి. దీని బీజాలు కొన్నింటికి సన్నని తోకలు ఉంటాయి. మట్టి సందుల్లో నీరు నిండితే అవి చేపపిల్లల్లా ఈదుకుంటూ లేత వేళ్ళను చేరుకుంటాయి. మొలక మొదలు మెత్తబడి, దారం తెగినట్టు మొక్క ఒరిగిపోతుంది. మడి ఎత్తుగా ఉంటే నీరు దిగిపోతుంది. ఈదడానికి నీరు లేకపోతే శత్రువుకు దారి లేనట్టే కదా!

విశేషమేమిటంటే, మిరపకు పుట్టిల్లయిన మెక్సికోలో కూడా ఎత్తు మడుల సేద్యం పూర్వం నుంచి ఉంది. అక్కడి అజ్టెక్ ప్రజలు లోతు తక్కువ ఉన్న సరస్సుల్లో బురద, నాచు తోడి పొరలు పొరలుగా పేర్చి మడులు కట్టారు. మడుల మధ్య కాలువల్లో పడవలు నడిపారు. వాటిని చినాంపాలు అంటారు. మెక్సికో నగరం దగ్గర సోచిమిల్కోలో అవి నేటికీ ఉన్నాయి. 1987లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

మీ మట్టి ఏ రకం?

ఈ ప్రాంతంలో ఎర్ర చలకలు, దుబ్బ నేలలు, నల్లరేగళ్ళు, గోదావరి ఒడ్డున ఒండ్రు నేలలు అన్నీ ఉన్నాయి. మీ పెరటి మట్టి ఏదో తెలుసుకోవడానికి ఒక గాజుసీసా చాలు. సీసాలో మూడోవంతు మట్టి వేసి, నీరు పోసి, మూత బిగించి బాగా గిలకొట్టండి. కదపకుండా పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో ఇసుక అడుగుకు చేరుతుంది. కొన్ని గంటల్లో దాని మీద సన్నని ఒండ్రు పేరుతుంది. అన్నిటికన్నా చిన్నదైన బంకమన్ను రేణువు 0.002 మి.మీ. కంటె చిన్నది. అది దిగడానికి ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. పొరల మందం స్కేలుతో కొలవండి. బంకమన్ను పొర మందంగా ఉంటే మీ మట్టి నీటిని పట్టేస్తుంది. దానికి ఎత్తు మడి మరీ అవసరం. ఇసుక పొర ఎక్కువైతే తక్కువ ఎత్తు చాలు, ఎరువు మాత్రం ఎక్కువ కావాలి.

మడి కడదాం

1. చోటు: రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగలాలి. ఇంటి చూరు నీళ్ళు పడే చోటు పనికిరాదు.

2. కొలతలు: వెడల్పు 1 మీటరు, పొడవు 2.5 మీటర్లు, ఎత్తు 25 సెం.మీ. వెడల్పు మీటరు దాటకూడదని ఎందుకంటామో తెలుసా? రెండు వైపుల నుంచి చెయ్యి చాచితే మడి మధ్యకు అందాలి. మడిలోకి కాలు పెట్టి తొక్కితే మట్టి సందులు మూసుకుపోతాయి. మనం కష్టపడి తెచ్చిన గాలిని మనమే తొక్కేసినట్టవుతుంది.

3. మట్టి లెక్క: 2.5 × 1 × 0.25 = 0.625 ఘనపు మీటర్లు, అంటే 625 లీటర్లు. ఇంత మట్టి కొనాలా? అక్కరలేదు. మడికి రెండు ప్రక్కలా అరమీటరు వెడల్పున బాట గుర్తు పెట్టి, 10 సెం.మీ. లోతున పైమన్ను తీసి మడి మీద వేయండి. 2.5 × 0.5 × 0.1 × 2 = 0.25 ఘనపు మీటర్లు. అంటే 250 లీటర్లు అక్కడే దొరికాయి! బాటలు కాలువల్లా కూడా పనిచేస్తాయి. మిగిలిన 375 లీటర్లలో సుమారు 200 లీటర్లు బాగా చివికిన పశువుల ఎరువు, 175 లీటర్లు మట్టి వేయండి. 15 లీటర్లు పట్టే తట్టతో కొలిస్తే పదమూడు తట్టల ఎరువు, పన్నెండు తట్టల మట్టి. మీది ఎర్ర చలక అయితే ఆ మట్టికి బదులు చెరువు పూడిక మట్టి వేస్తే చాలా మంచిది. నల్లరేగడి అయితే పూడిక వద్దు, దుబ్బ మట్టి కలపండి.

4. అంచు: అడవి అంచు పల్లెల్లో వెదురు తడిక అల్లడం చాలామందికి తెలిసిన పని. తడికను మేకులతో నిలిపితే మంచి అంచు అవుతుంది. అయితే తడి మట్టికి, చెదలకు అది రెండు మూడేళ్ళకు మించి ఆగదు. రాళ్ళు, విరిగిన పెంకులు, పాత ఇటుకలు కూడా పనికివస్తాయి. ఏదీ లేకపోతే ప్రక్కలు ఏటవాలుగా తట్టి వదిలినా సరే. రంగు వేసిన పాత చెక్కలు మాత్రం వాడవద్దు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు.

5. నింపడం: ముందు మడి అడుగు నేలను గడ్డపారతో గుల్ల చేయండి. మట్టి, ఎరువు కలిపి నింపండి. పచ్చి పేడ వేయవద్దు. అది కుళ్ళేటప్పుడు వేడి పుడుతుంది, వేరుపురుగులు కూడా చేరతాయి. కానుగ, వేప ఆకులు కుళ్ళబెట్టి కలపవచ్చు. ఆకుల ఎరువు కోసం రక్షిత అడవిలోని పైమన్ను తవ్వి తేవద్దు. అది అడవి మొక్కల ఆహారం. కట్టెల బూడిద గుప్పెడు చల్లితే పొటాషియం అందుతుంది. కాని బూడిదకు క్షారగుణం ఉంది, నల్లరేగడిలో తగ్గించాలి.

6. నీరు పోయే దారి: 50 మి.మీ. వాన పడితే మన మడి ఒక్కదాని మీదనే 125 లీటర్ల నీరు, అంటే ఎనిమిది బిందెలకు పైగా పడుతుంది. కాబట్టి బాటలకు కొంచెం వాలు ఇచ్చి, చివర ఆ నీటిని అరటి పాదుకు మళ్ళించండి.

మడిని తడిపి వారం రోజులు వదిలేయండి. మట్టి కొంత కుంగుతుంది. పైన మరి కాస్త వేసి చదును చేయండి.

ఏమి వేయాలి?

తొలకరికి తోటకూర, గోంగూర, బెండ, గోరుచిక్కుడు విత్తనాలు వేయవచ్చు. వంగ, టమాట, మిరప నారు పోసి తరువాత నాటాలి. టమాట నారు 25–30 రోజులకు, మిరప నారు సుమారు ఆరు వారాలకు నాటడానికి వస్తుంది. మడి చివర పందిరి వేసి బీర, కాకర పాకించండి. వానలు తగ్గాక అక్టోబరు, నవంబరు నెలల్లో పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి వేసుకోవచ్చు. ఏటా ఒకే చోట ఒకే కుటుంబపు మొక్కలు వేయవద్దు. వంగ, టమాట, మిరప ఒకే కుటుంబానివి. వాటి తరువాత చిక్కుడు జాతి వేస్తే, దాని వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది.

మేకలు, కోళ్ళు రాకుండా చుట్టూ దడి కట్టండి. అడవి దగ్గర కాబట్టి ఇంకొక జాగ్రత్త. రాళ్ళ సందుల్లో, పరచిన గడ్డి కింద పాములు, తేళ్ళు చేరవచ్చు. చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిపి చూడండి.

అన్ని కాలాలకూ ఒకే మందు కాదు

ఎత్తు మడికి బలం ఏదో బలహీనత కూడా అదే. నీరు త్వరగా దిగిపోయే మడి వేసవిలో త్వరగా ఎండిపోతుంది. ఈ ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు కూడా ఉంటాయి. అప్పుడు మడి మీద మూడు నాలుగు అంగుళాల మందాన ఎండుగడ్డి గాని, రాలిన ఆకులు గాని పరచాలి. ఉదయం పూట నీరు పోయాలి. ఏటా 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం వంటి చోట మొక్క చుట్టూ లోతు పాదు చేసి నీటిని ఆపడమే తెలివి. ఒకచోట నీటిని పంపాలి, ఒకచోట పట్టుకోవాలి. నేలను, వానను చూసి మడి కట్టాలి గాని, మడిని చూసి కాదు.

అలాగే ఎత్తు మడి ముసురును తట్టుకుంటుంది గాని గోదావరి వరదను తట్టుకోలేదు. భద్రాచలం వద్ద నది 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. అటువంటప్పుడు ప్రాణాలు కాపాడుకోవడమే ముఖ్యం. వరద నీటిలో మునిగిన ఆకుకూరలను తినకూడదు. ఆ నీటిలో రోగక్రిములు ఉండవచ్చు. వరద తీశాక మడిని ఆరనిచ్చి, కొత్త విత్తనం వేసుకోవాలి.

బడిలో చేయండి

మీ బడి ఆవరణలో ఒకే కొలతతో రెండు మడులు చేయండి. ఒకటి నేలమట్టంగా, ఒకటి 25 సెం.మీ. ఎత్తున. రెండింటిలోనూ ఒకే మట్టి, ఒకే ఎరువు, ఒకే రోజున ఒకే విత్తనం. ఆగస్టు చివరిదాకా ప్రతి వారం బతికిన మొక్కలు ఎన్ని, పసుపు పచ్చబడిన ఆకులు ఎన్ని, కోసిన కూర ఎన్ని గ్రాములు అని పట్టికలో రాయండి. కోసిన తోటకూరను బడి వంటకు ఇవ్వండి. వండాక నిమ్మరసం పిండుకుంటే, అందులోని సి విటమిన్ ఆకుకూరలోని ఇనుమును మన ఒంటికి పట్టేలా చేస్తుంది.

ఆలోచించండి

1. కుండీ అడుగున చిల్లు లేకపోతే మొక్క ఎందుకు చనిపోతుంది?

2. రెండు మడుల్లోనూ ఎరువు సమానంగా ఎందుకు వేయమన్నాం?

3. వానపాములు ఎక్కువగా ఉన్న మడిలో నీరు త్వరగా ఇంకుతుంది. ఎందుకు?

జవాబులు: 1. నీరు నిలిచి మట్టి సందుల్లోని గాలిని తరిమేస్తుంది, వేళ్ళకు ఊపిరాడదు. 2. ఎత్తు తప్ప మిగతావన్నీ సమానంగా ఉంటేనే తేడాకు కారణం ఎత్తు అని చెప్పగలం. 3. అవి తొలిచిన బొరియలు నీటికీ, గాలికీ దారులవుతాయి.